ట్రక్కు కొనేముందు ఒక నోటుబుక్కు కొను

ప్రశ్న: అన్నగారూ, నమస్తే. మేం హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. నాకు 39 ఏళ్లు, గ్రీన్ కార్డు ఉంది. పదమూడేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేశాను. పోయినేడాది కాంట్రాక్టు అయిపోయాక మళ్లీ దొరకలేదు. క్లాస్ ఏ సీడీఎల్ (పెద్ద లారీలు తోలే లైసెన్సు) తీసుకుని, నాలుగు నెలలుగా ఒక కంపెనీ ట్రక్కు మీద గంటల జీతానికి పోర్టు కంటైనర్లు తోలుతున్నాను. ఇప్పుడు సొంత బండి పెట్టుకుందామని ఉంది. మా కంపెనీయే ఒక ట్రక్కు ఇస్తానంటోంది. డౌన్ పేమెంట్ లేదు, వారం వారం ఇచ్చే బాడుగ లెక్కలో, అంటే సెటిల్‌మెంట్‌లో, కోసుకుంటారు, మూడున్నరేళ్లకు నాదవుతుంది. ఇంకో పక్క, తెలిసినవాళ్ల దగ్గర 2017 డే క్యాబ్ (పడక లేని ట్రక్కు) 36,000 డాలర్లకు వస్తోంది. సొంత అథారిటీ (మన పేరు మీదే సరుకు రవాణా చేసే ప్రభుత్వ అనుమతి) తీసుకుంటే ఇంకా మిగులుతుందని యార్డులో అంటున్నారు. మా ఆవిడకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలు. దీని మీద నిజంగా ఇల్లు గడుస్తుందా? ఏ దారి మంచిది? ఇంకో మాట, నేను లారీ తోలుతున్నానని ఇండియాలో మా నాన్నకి ఇంకా చెప్పలేదు.

సమాధానం:

తమ్ముడూ, నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. ఇల్లు గడుస్తుంది. నేను పదకొండేళ్లు గడిపాను. కానీ నువ్వు చెప్పిన వాటిలో కంపెనీ ఇచ్చే ట్రక్కు అసలే వద్దంటాను. ఆ 2017 బండి ఇప్పుడే వద్దంటాను. ఎందుకో తెలియాలంటే ముందు ఈ పనిలో డబ్బు ఎక్కడ పుడుతుందో చూడాలి.

దూరం వెళ్లే ట్రక్కుకు మైలుకింత అని లెక్క. చక్రం తిరిగినంతసేపూ డబ్బే. మన పని అలా కాదు. హ్యూస్టన్ రేవులో బార్బర్స్ కట్ టెర్మినల్‌లోనో బేపోర్ట్‌లోనో కంటైనర్ డబ్బా ఎత్తుకుని, గోదాములో దించి, ఖాళీది తిరిగి అప్పగిస్తే ఒక ట్రిప్పు, దానికో రేటు. ఆ ట్రిప్పు మూడు గంటల్లో ముగిసినా తొమ్మిది గంటలు పట్టినా అదే డబ్బు. రేవు డబ్బాలు తోలే ఈ పనిని డ్రేయేజ్ అంటారు, ఆ పేరు కూడా సరుకు మోసే పాతకాలపు గుర్రబ్బండి, డ్రే, నుంచి వచ్చిందే. బండివాడికి రోజుకు ఎన్ని బాడుగలు పడ్డాయన్నదే లెక్క, గుర్రం ఎంత దూరం నడిచిందన్నది కాదు.

అంకెల్లో చెబుతాను. ఇవి ఉదాహరణకు వేసినవి, నీ అంకెలు నువ్వు వేసుకో. ఒక ట్రిప్పుకు నీ వాటా 260 డాలర్లు, రానూపోనూ వంద మైళ్లు అనుకుందాం. గ్యాలన్‌కు ఐదున్నర మైళ్లు ఇచ్చే బండికి, గ్యాలన్ 3.60 చొప్పున డీజిల్ 65 డాలర్లు. టైర్లకూ రిపేర్లకూ మైలుకు పావు డాలరు పక్కన పెడితే 25. ట్రిప్పుకి మిగిలేది 170. ఇక బండి కదిలినా కదలకపోయినా వారం వారం పోయేవి ఉంటాయి: ట్రక్కు కిస్తీ 370, ఇన్సూరెన్స్ కోత 250, పార్కింగ్ 60, నంబరు ప్లేటు, టోల్, హెవీ వెహికిల్ ట్యాక్స్ లాంటివన్నీ కలిపి ఇంకో 60. మొత్తం 740.

740ని 170తో భాగిస్తే నాలుగు ట్రిప్పుల పైచిలుకు. అంటే రోజుకు రెండు ట్రిప్పులు పడే మనిషి సోమ, మంగళవారాలు బండి కోసం తోలతాడు. ఇంటి కోసం తోలడం బుధవారం నుంచి మొదలవుతుంది.

వారానికి పది ట్రిప్పులు పడితే చేతిలో 960 మిగులుతుంది. పదిహేను పడితే 1,810, దాదాపు రెట్టింపు. ఏడే పడితే 450. ఇవన్నీ ఆదాయపు పన్నుకు ముందు. బండి అదే, డ్రైవరూ అదే, రేటూ అదే. మారింది గేటు దగ్గర ఎంతసేపు నిలబడ్డావన్నదే. అందుకే "వారానికి నాలుగు వేల గ్రాస్" అని ప్రకటన చూసినప్పుడు, ఎన్ని ట్రిప్పులకు, ఎన్ని గంటలకు అని అడుగు. చెప్పకపోతే ఆ నాలుగు వేలు ఎవరో ఒకరికి ఎప్పుడో ఒక వారం వచ్చి ఉంటాయి, అంతే.

రోజుకు మూడో ట్రిప్పు మాత్రం ఊరికే పడదు. కేంద్ర నిబంధన ప్రకారం డ్యూటీ మొదలైన 14 గంటల్లోపే నీ డ్రైవింగ్ అంతా అయిపోవాలి, అందులోనూ 11 గంటలకు మించి తోలకూడదు. లైన్‌లో నిలబడ్డంత మాత్రాన ఆ 14 గంటల గడియారం ఆగదు. 150 ఎయిర్ మైళ్ల (సూటిగా గీత గీసి కొలిచే దూరం) లోపల తిరిగి, 14 గంటల్లో బయల్దేరిన చోటికే చేరేవాడికి ఎలక్ట్రానిక్ లాగ్ అక్కర్లేదు కానీ పరిమితులు మాత్రం అవే.

ఇక్కడొక తమాషా ఉంది. ఈ కంటైనర్ అనేదాన్ని వ్యాపారంగా నిలబెట్టినవాడు మాల్కం మెక్లీన్, నార్త్ కరోలినాకు చెందిన ట్రక్కు యజమాని. తన పత్తి బేళ్లు ఓడకు ఎక్కించేవరకు రేవులో రోజంతా పడిగాపులు పడ్డానని, ట్రక్కు పెట్టెనే ఎత్తి ఓడలో పెడితే పోలా అని అప్పుడే తట్టిందని ఆయన చెప్పుకునేవాడు. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 డబ్బాలతో నూవర్క్ నుంచి బయల్దేరింది. అది వచ్చి చేరింది మన హ్యూస్టన్‌కే. ఆ తర్వాత ఓడ రేవులో ఉండే రోజులు తగ్గాయి, సరుకు రవాణా చవకయింది, ప్రపంచ వ్యాపారమే మారిపోయింది. రేవు గేటు ముందు ట్రక్కువాడి పడిగాపులు మాత్రం అలాగే ఉన్నాయి.

నువ్వు ఇప్పుడు గంటల జీతం మీద ఉన్నావు కాబట్టి ఈ పడిగాపుల బరువు నీకింకా తెలీదు. గేటు దగ్గర రెండు గంటలు ఆగితే ఫోన్ చూసుకుంటావు, డబ్బు కంపెనీది. సొంత బండి మీద అవే రెండు గంటలు నీ మూడో ట్రిప్పు. సొంత బండి గొప్పదని నీకు చెబుతున్నవాళ్లలో సగంమంది ఈ తేడా చెప్పరు. మిగతా సగానికి తెలిసే అవకాశం లేదు, ఎందుకంటే వాళ్లు లెక్క రాయరు.

కాబట్టి ట్రక్కు కొనేముందు ఒక నోటుబుక్కు కొను. కంపెనీ ట్రక్కు మీద ఇంకో ఆరు నెలలు అలాగే ఉండు. ప్రతి ట్రిప్పుకి ఒక వరస రాయి: గేటు లైన్‌లోకి ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి బయటపడ్డావు, గోదాములో డబ్బా వదిలేసి వచ్చావా లేక దించేదాకా కూర్చున్నావా, ఖాళీతో తిరిగొచ్చావా లేక తిరుగు ప్రయాణానికి కూడా డబ్బు పడిందా, సొంత బండి అయ్యుంటే ఈ ట్రిప్పుకి ఎంత వచ్చేది. మొదటి నెల విసుగ్గా ఉంటుంది. మూడో నెలకు ఏ గోదాము నీ రోజు తింటోందో, ఏ రోజు ఏ వేళ గేటు పలచగా ఉంటుందో, డిస్పాచర్ ఎవరికి మంచి ట్రిప్పులు ఇస్తున్నాడో కనపడతాయి. టెస్టింగ్‌లో పదమూడేళ్లు బగ్గులు రాసినవాడివి, నీకు నేర్పక్కర్లేదు.

ఈ పుస్తకం నాకెప్పుడు అలవాటయిందో చెబుతాను. సొంత బండి పెట్టిన రెండో ఏడు, ఒక శుక్రవారం. ఖాళీ డబ్బా తిరిగివ్వడానికి ఒక టెర్మినల్‌కి వెళ్లాను. లైన్‌లో గంటన్నర. తీరా గేటు దగ్గరికొచ్చాక, ఆ షిప్పింగ్ లైన్ ఖాళీలు ఈరోజు తీసుకోవడం లేదు, ఇంకో చోటికి వెళ్లమన్నారు. అక్కడికి వెళ్తే డబ్బా తీసుకున్నారు, డబ్బా కింద ఉండే చక్రాల చట్రం, అదే చాసిస్, మాత్రం వాళ్ల ఉమ్మడి పూల్‌ది కాదట, వేరే యార్డులో దించాలట. దీన్నే చాసిస్ స్ప్లిట్ అంటారని నీకు తెలుసు. ఆ యార్డుకు చేరేసరికి గేటు మూసేశారు. మర్నాడు శనివారం, తర్వాత ఆదివారం. సోమవారం చాసిస్ అప్పగించాను. రెండున్నర నెలల తర్వాత నా సెటిల్‌మెంట్‌లోంచి 600 డాలర్ల పైన కోసేశారు, ఆలస్యం రుసుము అని. అడిగితే కంపెనీ షిప్పింగ్ లైన్‌ని చూపించింది, లైన్ టెర్మినల్‌ని చూపించింది, టెర్మినల్ నన్ను చూపించింది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, ఇక్కడ పిడికిళ్లన్నీ నా నెత్తినే పడ్డాయి. గేటులో నన్ను వెనక్కి పంపారనడానికి నా దగ్గర ఒక్క కాగితం లేదు.

అప్పటినుంచి మూడు పనులు చేస్తాను. బయల్దేరేముందు ఖాళీలు ఎక్కడ తీసుకుంటున్నారో చూపించే పేజీని తేదీ, టైమ్ కనపడేలా స్క్రీన్‌షాట్ తీస్తాను. వెనక్కి పంపితే ట్రబుల్ టికెట్ (ఎందుకు పంపారో రాసిన చీటీ) అడుగుతాను. ఇవ్వకపోతే గేటు బోర్డు కనపడేలా ఫోటో తీసి, అక్కడినుంచే డిస్పాచ్‌కి మెసేజ్ పెడతాను, ఫోన్ చెయ్యను. ఫోన్ మాట గాల్లో పోతుంది. తర్వాత ఇలాంటి బిల్లు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ రద్దయింది.

చట్టం కూడా కొంత మనవైపు కదిలింది. 2022లో ఓషన్ షిప్పింగ్ రిఫార్మ్ చట్టం వచ్చాక ఫెడరల్ మారిటైమ్ కమిషన్ కొత్త నియమాలు పెట్టింది. 2024 మే 28 నుంచి షిప్పింగ్ లైను తన డిటెన్షన్, డెమరేజ్ (డబ్బా ఆలస్యానికి వేసే రుసుములు) బిల్లును రుసుము చివరిసారి పడిన రోజు నుంచి 30 రోజుల్లో పంపాలి. ఆ గడువు దాటితే కట్టక్కర్లేదు. అందుకే కోత కనపడగానే కంపెనీని అసలు బిల్లు కాపీ అడుగు, దానిమీద తేదీలు చూడు.

కోతల సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే తన బండిని ఒక కంపెనీ అథారిటీ కింద లీజుకు పెట్టి నడిపేవాడి డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. ట్రూత్ ఇన్ లీజింగ్ అని కేంద్ర నిబంధనలున్నాయి, కోడ్ ఆఫ్ ఫెడరల్ రెగ్యులేషన్స్ 49వ టైటిల్, 376వ భాగం. పది పేజీలు కూడా ఉండవు, ఒక ఆదివారం కూర్చుని చదువు. నీ దగ్గర ఏమేం కోస్తారో, ఎలా లెక్కేస్తారో ఒప్పందంలో రాసి ఉండాలి. కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. శాతం లెక్కన పనిచేస్తుంటే అసలు ఫ్రైట్ బిల్లు కాపీ చూపించాలి. నీ దగ్గర ఎస్క్రో పేరుతో పట్టుకున్న డబ్బును ఒప్పందం ముగిసిన 45 రోజుల్లో తిరిగివ్వాలి. వాళ్ల దగ్గరే డీజిల్ కొనాలి, ఇన్సూరెన్స్ కొనాలి అని షరతు పెట్టకూడదు. గేటు దగ్గరో గోదాములోనో ఆగిన గంటలకు డబ్బు మాత్రం ఏ చట్టమూ ఇప్పించదు. ఎన్ని గంటలు ఫ్రీ, ఆ తర్వాత గంటకెంత, అందులో నీకెంత అని ఒప్పందంలో రాయించుకున్నావా సరే, లేకపోతే లేదు.

ఇప్పుడు మీ కంపెనీ ఇస్తానన్న ట్రక్కు. వారానికి ఎంతో నువ్వు రాయలేదు. 650 అనుకో. మూడున్నరేళ్లంటే 182 వారాలు, మొత్తం 1,18,300 డాలర్లు. ఆ ట్రక్కు మోడల్, మైళ్లు చెప్పి ఈరోజు బజార్లో ఎంతకొస్తుందో నువ్వే కనుక్కో. కానీ నన్ను ఎక్కువ భయపెట్టేది ధర కాదు. ట్రక్కు ఇచ్చేదీ వాళ్లే, ట్రిప్పులు ఇచ్చేదీ వాళ్లే. నీకు వారానికి ఏడు ట్రిప్పులు ఇచ్చి కిస్తీ మాత్రం పూర్తిగా కోసుకోవచ్చు. గట్టిగా అడిగితే మర్నాడు ట్రిప్పులుండవు. మానేసి పోదామంటే బండి నీది కాదు, రెండేళ్లు కట్టినా సరే. మీ కంపెనీ అలాంటిదని నేననడం లేదు, నాకు తెలీదు. ఆ ఏర్పాటే అలాంటిది. 2021 మౌలిక వసతుల చట్టం కింద వేసిన ట్రక్ లీజింగ్ టాస్క్ ఫోర్స్ 2025 జనవరిలో నివేదిక ఇస్తూ, ట్రకింగ్ కంపెనీలు నడిపే ఇలాంటి లీజ్-పర్చేజ్ (కిస్తీ కోసుకుంటూ బండి ఇచ్చే) పథకాలను నిషేధించాలనే సిఫార్సు చేసింది. సంస్కరించమని కాదు, నిషేధించమని. డౌన్ పేమెంట్ లేదన్నది ఆశపెట్టే మాట. డౌన్ పేమెంట్ కట్టగలిగేంత కూడబెట్టలేని స్థితిలో ఉన్నవాడు మొదటి ఇంజన్ రిపేరును కూడా తట్టుకోలేడు.

2017 డే క్యాబ్ సంగతి. ఈ పనికి డే క్యాబే సరైనది, బరువు తక్కువ, ఇరుకు యార్డుల్లో తిప్పడం తేలిక. ధర గురించి బండి చూడకుండా నేనేమీ చెప్పను. ఓడోమీటర్ చూసి మోసపోవద్దు. పోర్టు బండి రోజులో సగం నిలబడే ఇంజన్ తిప్పుతుంది. ఆ గంటలు ఓడోమీటర్‌లో పడవు, ఇంజన్ కంప్యూటర్‌లో పడతాయి. ఆ కంప్యూటర్ (ఈసీఎం) రిపోర్టు తీయించు, మొత్తం ఇంజన్ గంటలు ఎన్ని, నిలబడి తిరిగిన ఐడిల్ గంటలు ఎన్ని చూడు. మన పనిలో బళ్లు పాడయ్యే చోటు ఎక్కువగా పొగ శుద్ధి చేసే భాగాలే. నిదానంగా, ఆగుతూ కదులుతూ నడిచే ఇంజన్‌లో పొగ వేడి చాలక మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్‌లో మసి పేరుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద ఆ మసిని కాల్చాలని చెప్పే రీజెన్ లైటు వెలుగుతుంది. అదెప్పుడూ గేటు లైన్ మధ్యలోనే వెలుగుతుంది, ఎందుకో మరి! గత ఏడాది ఎన్నిసార్లు పార్క్డ్ రీజెన్ (బండి ఆపి మసి కాల్చడం) చేయాల్సి వచ్చింది, డీపీఎఫ్ ఎప్పుడు విప్పి శుభ్రం చేయించారు, పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ మార్చారా అని అడుగు. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపు, ఖర్చు చిన్నదే. తెలిసినవాళ్లదని మొహమాటపడి ఇవన్నీ మానేస్తావేమో, నా భయం అదే. మనవాళ్లలో బండి బేరాలు చెడేదీ, స్నేహాలు చెడేదీ ఈ మొహమాటం దగ్గరే. మెకానిక్‌కి చూపిస్తానంటే నొచ్చుకునేవాడి దగ్గర కొనకు.

36,000 ఉంటే ఆ బండి కొనొచ్చు అనుకోకు. ఇంకో 12,000 నుంచి 15,000 దాకా పక్కన ఉంటే కొను. ఏనుగు కొన్నవాడు అంకుశం దగ్గర ఆగిపోతే ఎలా? పైగా రేవు మూతపడే రోజులుంటాయి. 2024 జులైలో బెరిల్ తుపాను వచ్చినప్పుడు టెర్మినళ్లు మూశారు. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి మూడు రోజులు రేవు కార్మికుల సమ్మెతో తూర్పు తీరం, గల్ఫ్ తీరం రేవులు నిలిచిపోయాయి. 2025లో సుంకాలు ఎక్కుతూ దిగుతూ ఉంటే దిగుమతిదారులు ఒక నెల ముందుగానే తెప్పించుకున్నారు, ఇంకో నెల ఆపుకున్నారు. ఆ 740 మాత్రం ప్రతి వారం ఠంచనుగా వస్తుంది.

సొంత అథారిటీ సంగతి ఇప్పుడు మర్చిపో. దరఖాస్తు రుసుము 300 డాలర్లే, అది చూసి తేలిక అనుకుంటారు. చట్టం అడిగే కనీస లయబిలిటీ ఇన్సూరెన్స్ 7,50,000 డాలర్లు. కానీ టెర్మినళ్లలో డబ్బాలు ఎత్తాలంటే యూఐఐఏ అనే ఉమ్మడి ఒప్పందంలో చేరాలి, దానికి పది లక్షల డాలర్ల కవరేజీ కావాలి, వేరేవాళ్ల చాసిస్, డబ్బా నీ చేతిలో ఉన్నప్పుడు పాడైతే కట్టే ఇన్సూరెన్స్ అదనం. కొత్త అథారిటీకి వచ్చే కోటేషన్ చూశాకే చాలామంది కళ్లు తెరుస్తారు. మొదటి ఏడాదిలోపు సేఫ్టీ ఆడిట్ కూడా ఉంటుంది. వీటన్నిటికన్నా పెద్ద చిక్కు, సరుకు ఎవరిస్తారు? దిగుమతిదారుడు 30, 60 రోజులకు డబ్బిస్తాడు, డీజిల్ బంకువాడు అంతవరకు ఆగడు. రెండేళ్లు ఒకరి కింద లీజుకు నడిపి, ముగ్గురు నలుగురు గోదాము మేనేజర్లు నీ పేరు గుర్తుపట్టే స్థాయికి వచ్చాక అప్పుడు ఆలోచించు.

మధ్యలో చాసిస్ మాట. అది నీది కాదు కాబట్టి నిర్లక్ష్యం చేసేవాళ్లున్నారు. దాని మెయింటెనెన్స్ బాధ్యత అది ఇచ్చేవాళ్లదే, నిబంధనల్లో ఉంది. కానీ గేటు దాటాక దారిలో టైరు పగిలితే అది నీ వల్లేనని వాదన మొదలవుతుంది, ఇనస్పెక్షన్‌లో లైటు వెలగకపోతే రోజు పోయేది నీదే. లోపలే చూడు: టైర్లు, లైట్లు, బ్రేకు గొట్టాలు, డబ్బాను బిగించే నాలుగు మూలల ట్విస్ట్ లాకులు. బాగోలేకపోతే ఇరవై నిమిషాలు పోయినా అక్కడే మార్పించుకుని బయటికి రా. బరువు కూడా అంతే. బండి, చాసిస్, డబ్బా, సరుకు మొత్తం 80,000 పౌండ్లు మించకూడదు. హ్యూస్టన్‌లో ప్లాస్టిక్ రెసిన్ ఎగుమతులు ఎక్కువ, అవి నిండుగా ఎక్కిస్తారు. 20 అడుగుల డబ్బా చిన్నగా కనిపిస్తుంది, కానీ బరువంతా ఒకే చోట పడి యాక్సిల్ లెక్క తప్పేది దానిలోనే. అనుమానముంటే రోడ్డెక్కేముందే కాటా వేయించు.

పన్నుల గురించి రెండు మాటలు చాలు. ఇన్నాళ్లూ డబ్ల్యూ-2 (జీతం ఉద్యోగం) మీద ఉన్నావు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో సగం కంపెనీ కట్టేది. ఇక రెండు సగాలూ నీవే, 15.3 శాతం, ఆదాయపు పన్ను దానిపైన. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడం ఒక్కటే ఊరట. ఏప్రిల్, జూన్, సెప్టెంబరు, జనవరి 15వ తేదీల్లో ముందస్తుగా కట్టాలి. సెటిల్‌మెంట్ పడిన రోజే ఖర్చులు పోను మిగిలిన దాంట్లో పావు వంతు వేరే ఖాతాలో వెయ్యి, ఆ ఖాతా కార్డు ఇంట్లో పెట్టు. హెల్త్ ఇన్సూరెన్స్ మీ ఆవిడ ఉద్యోగం మీద ఉంటే అది ఈ మొత్తం వ్యవహారంలో నీకున్న పెద్ద బలం. ఓనర్ ఆపరేటర్‌కి, అంటే సొంత బండి తోలేవాడికి, కంపెనీ ఆరోగ్య బీమా ఉండదు, సాధారణంగా వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారం) కూడా ఉండదు. చెయ్యి విరిగితే ఆదుకునే ఆక్యుపేషనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి తప్పకుండా తీసుకో.

ఇది చదివే మిగతావాళ్లకొక మాట. ఈ తమ్ముడికి గ్రీన్ కార్డుంది కాబట్టి చిక్కు లేదు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లు పక్క ఆదాయంగానైనా ఇందులో దిగకూడదు. వర్క్ పర్మిట్ మీద నాన్-డొమిసైల్డ్ సీడీఎల్ (ఇక్కడ శాశ్వత నివాసం లేనివాళ్లకు ఇచ్చే లైసెన్సు) తీసుకున్నవాళ్లకు 2025 సెప్టెంబరు నుంచి నిబంధనలు బిగిశాయి, కోర్టుల దాకా వెళ్లాయి. లాయరును అడక్కుండా బండి మీద డబ్బు పెట్టకండి.

ఇక మీ నాన్నగారు. నేనూ ఏడాదిన్నర చెప్పలేదు. "లాజిస్టిక్స్‌లో ఉన్నాను" అనేవాణ్ని. మా నాన్న చెరకు రోజుల్లో ఎడ్లబండి మీద ఫ్యాక్టరీకి తోలినవాడు, ఆ తర్వాత మమ్మల్ని చదివించడానికే బండి అమ్మేశాడు. అందుకే చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఒకరోజు ఫోన్లో చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "తిరుగు బాడుగ ఉంటుందా, ఖాళీగా రావాలా?"

పదకొండేళ్లలో ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. దించిన డబ్బానే అక్కడికక్కడ ఎగుమతి సరుకుకు తిప్పితే ఇక్కడ స్ట్రీట్ టర్న్ అంటారు. ఖాళీ అప్పగించి అదే గేటులోంచి నిండు డబ్బాతో బయటికొస్తే డ్యూయల్ అంటారు. ఆయన చెరకు బండికీ నా ఫ్రైట్‌లైనర్‌కీ లెక్క ఒకటే. మీ నాన్నకు ఈ ఆదివారం ఫోన్ చెయ్యి. ఆయన కూడా ఏదో ఒకటి అడుగుతాడు, జవాబు నీ నోటుబుక్కులో ఉండేలా చూసుకో. ఆరు నెలలు రాశాక నాకు మళ్లీ ఉత్తరం రాయి, ఆ పేజీల ఫోటోలు కూడా పంపు. 2017 బండి అప్పటికి అమ్ముడుపోతే పోనీ, అలాంటివి ఇంకో పది వస్తాయి.